మూడో శుక్రవారం చుక్క

మొన్న ఒక ఇంజనీరింగ్ కాలేజీవాళ్లు విద్యార్థుల ప్రాజెక్టుల పోటీకి జడ్జిగా రమ్మంటే వెళ్లాను. రిటైరైనవాళ్లకు ఇలాంటి పిలుపులు వస్తూ ఉంటాయి. ఒక శాలువా, ఒక జ్ఞాపిక, మధ్యలో చల్లారిన ఉప్మా. మూడో బల్ల దగ్గర ఒక కుర్రాడు ఊపిరి తీసుకోకుండా పది నిమిషాలు తన యంత్రం గురించి చెప్పాడు. అంతా విని, "ఇంతకీ నీ పనిలో ఏం చెడిపోయింది నాయనా?" అన్నాను. వాడు బిత్తరపోయాడు. "ఏమీ చెడలేదు మేడమ్, అన్నీ పర్ఫెక్టుగా వచ్చాయి" అన్నాడు. నా పక్కనున్న జడ్జిగారు నవ్వి, "ఇదేం ప్రశ్నండీ, పిల్లాణ్ని బెదరగొట్టేశారు" అన్నారు.

ఆ ప్రశ్న నాది కాదు. మస్కట్‌లో మా కాలేజీ వర్క్‌షాపు చూసుకున్న ఒక కడప జిల్లా మనిషిది. ఇన్నేళ్లుగా నాదే అన్నట్టు వాడుకుంటున్నాను. ఆయన పోయారని కూడా ఆ రోజే తెలిసింది. ఆ కాలేజీ వర్క్‌షాపులో పనిచేసే అతనిది ప్రొద్దుటూరు. టీ తాగుతూ ఒమన్ మాటల్లో పడి నేను ఈయన ఆనవాళ్లు చెబితే, "ఆ భాయా? ఆయప్ప కాలమై నాలుగేండ్లాయ గదమ్మా" అన్నాడు. కప్పు పక్కన పెట్టేశాను. ఏడుపు రాలేదు గానీ ఆ తర్వాత ఎవరి ప్రాజెక్టూ నా బుర్రకెక్కలేదు. మిగతా పిల్లలకు మార్కులు ఎలా వేశానో ఆ దేవుడికే తెలియాలి.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాయాల్సిన చోట ఒకసారి రాశారు, అది చాలు. మేమంతా ఆయన్ని భాయ్ అనేవాళ్లం.

తొంభైల మొదట్లో మస్కట్‌లోని ఒక టెక్నికల్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేదాన్ని. కాపురం వాడి కబీర్ అనే పేటలో. పొద్దున్నే పిల్లల్ని స్కూలు బస్సెక్కించి, నా బస్సు కోసం పరుగెత్తడంతో నా రోజు మొదలయ్యేది. కాలేజీలో చదివేది ఒమానీ పిల్లలు, చెప్పేది మాలాంటి పరదేశులు. ఏటా చదువు ముగిసే ముందు ఆఖరి సంవత్సరం పిల్లల ప్రాజెక్టులకు పోటీ జరిగేది. ఫిజిక్స్, కెమిస్ట్రీ, సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్ అన్నీ ఒకే హాల్లో. అందరిలోకీ గొప్ప పని చేసిన ఒక్కరికి పైచదువు సీటు, ఖర్చంతా కాలేజీది. ఆ వారం రోజులూ లెక్చరర్లం పైకి నవ్వుకుంటూ మాట్లాడుకునేవాళ్లం, లోపల కత్తులు నూరుకునేవాళ్లం.

శాస్త్రాలు ఎన్నున్నా వర్క్‌షాపు మాత్రం ఒక్కటే. గాజు కోయాలన్నా, ఇనుము అతకాలన్నా, చెక్కపెట్టె బిగించాలన్నా అందరూ భాయ్ దగ్గరికి రావలసిందే. మాకు మా పిల్లల ప్రాజెక్టులే తెలిసేవి. అన్నింటినీ మొదటి నుంచి చివరిదాకా చూసినవాడు ఆ కాలేజీలో ఆయనొక్కడే. ఆ మాట మాకెవరికీ తోచలేదు. జడ్జీల కమిటీలో ఆయన్ని వేయాలని ఎవరూ అనలేదు, నేనూ అనలేదు.

పొట్టిగా, బక్కగా, యాభై దాటిన మనిషి. కళ్లజోడు పుల్ల ఒకటి విరిగితే నల్లదారం కట్టుకున్నాడు. నేనున్న ఆరేళ్లలో దారం మార్చాడు గానీ జోడు మార్చలేదు. భుజం మీద ఎప్పుడూ పాత లుంగీ చింపిన గుడ్డముక్క ఉండేది. మాట్లాడుతూనే చేతికి అందిందల్లా తుడిచేవాడు. బల్ల, స్కేలు, ఆఖరికి మనం పట్టుకెళ్లిన ఫైలు కూడా. ఒకసారి ప్రిన్సిపాల్‌గారు వచ్చి నిలబడి ఏదో చెబుతుంటే ఆయన భుజం మీది రంపంపొట్టు దులిపేశాడు. దులిపాక ఇద్దరూ కంగారు పడ్డారు.

ఇంట్లో భాష ఉర్దూ, నాతో తెలుగు, పిల్లలతో హిందీ, ఆఫీసు క్లర్కుతో నాలుగు అరబ్బీ ముక్కలు. ఇంగ్లిష్ చదవడం రాదు, అంకెలొచ్చు. "చదువుకుండేది ఆరో తరగతమ్మా. గీత గీసి చూపిస్తే మాత్రం ఎమ్మే" అని తన మీద తనే వేసుకునేవాడు.

ఏ విద్యార్థి బొమ్మ గీసుకుని వచ్చినా ఆయన మొదట కాగితం చూసేవాడు కాదు. "పహలే బోలో, క్యా బిగ్డా?" అనేవాడు. ముందు ఏం చెడిందో చెప్పు అని. ఇంకా ఏమీ మొదలుపెట్టలేదు భాయ్ అంటే, "ఐతే ఇంట్లో అట్టముక్కలతో చేసి, చెడగొట్టుకుని రా" అని పంపేసేవాడు. పిల్లలు ఆయన గొంతు అనుకరించి ఆ మాట కారిడార్లలో అనుకుని నవ్వేవాళ్లు. కానీ అట్టముక్కలు కోసుకుని మళ్లీ వచ్చేవాళ్లు.

ఆయన బల్ల వెనక అరనిండా విరిగినవీ, వంకరపోయినవీ ఉండేవి. పగిలిన గాజు గొట్టాలు, పళ్లు ఊడిన చక్రాలు, మధ్యకు చీలిన చెక్కలు. ఒక్కోదానికి దారంతో ఒక చీటీ, చీటీ మీద తెలుగులో ఒక్క మాట. తొందర. ఎండ. మాట వినలేదు. కొన్నింటి మీద "నేనే" అని ఉండేది. పారేయొచ్చు కదా భాయ్ అని ఒకసారి అంటే, "పారేస్తే మళ్లా అదే చేస్తామమ్మా" అన్నాడు.

ఇక ఆ కుర్చీ. వర్క్‌షాపులో ఒక్కటే కుర్చీ ఉండేది. మిగిలిన ఇనుప ముక్కలతో కాళ్లు, ఏదో సామాను వచ్చిన టేకు పెట్టె పలకతో పీట, తనే చేశాడు. దాని మీద ఆయన కూర్చునేవాడు కాదు, బోర్లించిన పెయింట్ డబ్బా మీద కూర్చునేవాడు. మమ్మల్నీ కూర్చోమనేవాడు కాదు. పోటీ బుధవారం జరిగేది. గురువారం, శుక్రవారం సెలవు. శనివారం పొద్దున ఆయన ఒక విద్యార్థిని పిలిచి ఆ కుర్చీలో కూర్చోబెట్టి, పాలు లేని సులేమానీ టీ ఇచ్చేవాడు. అంతే. ప్రకటన లేదు, చప్పట్లు లేవు. ఆ ఏడు మొత్తానికి ఆ కుర్చీ ఆ ఒక్కరిది.

గెలిచినవాళ్లనే పిలుస్తాడనుకుంటే పొరపాటే. ఒక ఏడు పైకి చుక్క నీరు ఎక్కని పంపు చేసిన మెకానికల్ కుర్రాణ్ని పిలిచాడు. వాడు పంపును పద్నాలుగు సార్లు విప్పి బిగించి, పద్నాలుగు సార్లూ ఎందుకు ఎక్కలేదో రాసుకున్నాడట. ప్రిన్సిపాల్‌గారు సరదాగా అడిగితే, "పద్నాలుగు తూర్లు చెడగొట్టినోనికి పదైదోది తెలుస్తాది సార్" అన్నాడు. ఇంకో ఏడు, ఫస్టొచ్చిన ఎలక్ట్రికల్ అబ్బాయి తనే వచ్చి దర్జాగా కుర్చీలో కూర్చున్నాడు. భాయ్ వాడివైపు చూడకుండానే, "లేయ్ బాబూ, రంగు తడిగా ఉంది" అన్నాడు హిందీలో. ఆ రంగు వేసి మూడేళ్లయింది.

చూస్తుండగానే పిల్లల్లో ఆ టీకి సీటు కన్నా ఎక్కువ గిరాకీ వచ్చింది. మా లెక్చరర్లలో కొందరికి అది కడుపుమంటగా ఉండేది. నాకూ కొంచెం ఉండేది, దాచుకోవడం ఎందుకు.

నా దగ్గర ప్రాజెక్టు చేసిన పిల్లల్లో ఖురియాత్ నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఉండేది. తండ్రిది చేపల పడవ. సముద్రం మీదికి వెళ్లేటప్పుడు తాగే నీళ్ల డబ్బాలకే పడవలో సగం చోటు పోతుందని, ఎండతో ఉప్పునీటిని మంచినీరు చేసే పెట్టె ఒకటి చేస్తానంది. అడుగున నల్లరంగు వేసిన తొట్టి, పైన వాలుగా గాజుపలక. ఉప్పునీరు ఆవిరై గాజు లోపలివైపు చెమ్మగా పట్టి, జారి, పక్కనున్న సీసాలోకి దిగుతుంది. సీసాలో రోజుకెంత దిగిందో నెలకు పైగా చూసి రాయాలి. పని కష్టం కాదు, ఓపిక కావాలి. ఆ పిల్లకు ఓపిక బోలెడు.

ఆమెకు ఆ సీటు ఎంత అవసరమో నాకు తెలుసు. తండ్రి మాట ఇచ్చాడట, ఫస్టొస్తే పైచదువు, లేకపోతే ఇంటికి. కోపంతో అన్న మాట కాదది. ఆమె తర్వాత ఇంకా నలుగురున్నారు. ఆయన శక్తి అంతే.

పెట్టెను భాయ్ చేశాడు. కాలేజీ మేడ మీద పెట్టాం. పెట్టెను ముట్టుకోవద్దు, కదపొద్దు, రోజూ సాయంత్రం సీసా చూసి రాసుకో అని ఆమెకు గట్టిగా చెప్పాను. అన్ని రోజులూ ఒకేలా ఉండాలి కదా. బుధవారం రాత్రికి హాస్టలు పిల్లలంతా ఊళ్లకు వెళ్లిపోయేవాళ్లు. మరి గురు, శుక్రవారాలు ఎవరు చూస్తారు? భాయ్ గది కాలేజీ ఆవరణలోనే, స్టోరు వెనక. "నేను చూస్తాలే తల్లీ, పైకెక్కి దిగేదానికేముంది" అన్నాడు. రెండు రోజుల అంకెలూ రెండు చీటీల మీద రాసి శనివారం పొద్దున ఆమెకు ఇచ్చేవాడు. ఐదు వారాలు, పది చీటీలు.

ఆమెకు చెప్పిన జాగ్రత్తలు నేను ఆయనకు చెప్పలేదు. చెప్పాలని కూడా అనిపించలేదు. సీసా చూసి అంకె రాసేవాడికి జాగ్రత్తలేమిటి అనుకున్నాను.

అంకెలన్నీ గ్రాఫు మీద పెట్టి చూస్తే ఒక వింత కనిపించింది. మామూలు రోజులకు నీలం చుక్కలు, సెలవు రోజులకు ఎర్ర చుక్కలు. వారం వారం ఎర్ర చుక్కలు పైకి లేస్తున్నాయి. సెలవు రోజుల్లో నీళ్లు ఎక్కువ దిగుతున్నాయి! ఎండకు వారాలు తెలియవు కదా. నేను రెండు రోజులు తల బద్దలు కొట్టుకుని సిద్ధాంతం కనిపెట్టాను. మేడ మీద ఏసీ యంత్రాలున్నాయి. మామూలు రోజుల్లో వాటి వేడిగాలి వచ్చి గాజుపలకను కాలుస్తుంది, వేడి గాజు మీద ఆవిరి సరిగ్గా నీరవదు. సెలవు రోజుల్లో ఏసీలు ఆపేస్తారు, గాజు చల్లబడుతుంది, నీళ్లు ఎక్కువ దిగుతాయి. ఎంత ముచ్చటగా ఉంది! శనివారం కూడా నీళ్లు కాస్త ఎక్కువగానే ఉండేవి. దానికీ ఒక సమాధానం చెప్పుకున్నాను, మేడ వేడెక్కడానికి ఒక రోజు పడుతుందని. సమాధానాలకు నాకేం కొదవ.

ఒక్క చుక్క మాత్రం మాట వినలేదు. మూడో శుక్రవారం. ఏసీలు ఆపేసిన రోజే, కానీ నీళ్లు మామూలు రోజులకన్నా కూడా తక్కువ.

"మిస్, ఇదొక్కటీ కుదరడం లేదు" అంది ఆ అమ్మాయి.

"భాయ్ చదవడంలో పొరపాటు పడుంటారు. ఆయన కళ్లజోడు చూశావుగా. తీసెయ్."

"ఒకసారి భాయ్‌ని అడగనా?"

"రెండు వారాలు దాటింది, ఆయనకు మాత్రం ఏం గుర్తుంటుంది? పోస్టరు రేపటికి రాయాలి, కానివ్వు."

ఆమె తీసేసింది. ఇందులో నన్ను ఇప్పటికీ పొడిచే సంగతి ఇంకొకటుంది. ఆ మూడో గురువారం సాయంత్రం మస్కట్‌లో దుమ్ముగాలి లేచింది. వాడి కబీర్‌లో మా బాల్కనీ నిండా వేలెడు దుమ్ము. మరునాడు శుక్రవారం పొద్దున మావారు పేపరు చదువుకుంటుంటే, ఆయన్ని తిట్టుకుంటూ నేనే నాలుగు బకెట్ల నీళ్లతో కడిగాను. కడిగిన చేతులతోనే ఆ గ్రాఫు పట్టుకున్నాను. నాకు తట్టలేదు. ఫిజిక్సులో ఫస్టుక్లాసు దాన్ని మరి.

పోటీ రోజు పొద్దున జడ్జీలు మొదటిసారి తిరిగి చూశారు. ముగ్గురిలో పెద్దాయన ఒక కంపెనీలో ఇంజనీరు, తెల్లాయన. మా పోస్టరు దగ్గర చాలాసేపు ఆగాడు. ఏసీల సంగతి విని, "ఇది మేమంతా చూసుకోవలసిన విషయం" అని మెచ్చుకున్నాడు. మధ్యాహ్నం రెండోసారి వచ్చి తేలుస్తామన్నారు. అమ్మాయి తండ్రి తలకు ఎంబ్రాయిడరీ టోపీ పెట్టుకుని, ఇస్త్రీ మడత నలగకుండా వెనక వరసలో కూర్చుని ఉన్నాడు. నేనైతే గెలిచేసినట్టే తిరుగుతున్నాను.

పోటీ రోజున భాయ్ హాల్లో ఎక్కువసేపు ఉండేవాడు కాదు. ఏ బోర్డు ఊగుతుందో చూసి, స్క్రూ బిగించి, గుడ్డతో ఒకసారి తుడిచి వెళ్లిపోయేవాడు. ఆ రోజు మా బోర్డు బిగించి, తుడవబోయి ఆగాడు. వేలు పెట్టి ఏదో లెక్కపెట్టాడు. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాడు.

"అమ్మా, ఈ ఎర్ర చుక్కలు నా దినాలే గదా?" అన్నాడు నాతో.

"అవును భాయ్."

"పది చీటీలిచ్చినా. తొమ్మిదే ఉండాయే?"

"ఒకటి తప్పు పడిందిలెండి. తీసేశాం."

"ఏది?"

"మూడో శుక్రవారానిది."

"అది తప్పు గాదమ్మా. ఆ పొద్దు నాకు జరం. మెట్లు పట్టుకుని పైకెక్కి సీసా చూసొచ్చినా గానీ, తుడ్సలేదు."

"ఏం తుడవలేదు?"

"అద్దం. ముందురోజు దుమ్ముగాలి లేసె గదా, పెట్టె మీద ఇంత మందాన పడుండె. తుడ్సల్లనుకుంటి గానీ చెయ్యి లేయలేదు."

"అంటే మిగతా సెలవు రోజుల్లో మీరు అద్దం తుడిచేవాళ్లా?"

"పొద్దున్నే తుడ్సకుండా యెట్లమ్మా?" అని నావైపు జాలిగా చూశాడు. "దుమ్ము పట్టిన అద్దంలోకి ఎండ యాడ పోతాది?"

ఏసీలు, వేడిగాలి, చల్లబడిన గాజు, నా సిద్ధాంతమంతా ఆ లుంగీ గుడ్డముక్క ఒక్క చుట్టులో తుడిచేసింది. ముట్టుకోవద్దన్నానని మామూలు రోజుల్లో ఆ పిల్ల ముట్టుకోలేదు. ఎవరూ వద్దనలేదు కాబట్టి సెలవుల్లో ఈయన తుడిచాడు. నీళ్లు పెరిగింది దానివల్ల. ఆ మూడో శుక్రవారం ఒక్కటే నిజం చెప్పింది. దాన్నే నేను తీయించాను.

"భాయ్, ఇప్పుడు జడ్జీలకు చెప్పకండి" అన్నాను మెల్లగా. "సాయంత్రం దాకా ఆగండి. పిల్ల సీటు పోతుంది."

"జడ్జీలకు నేనేంటికి చెప్తానమ్మా? పని ఆ బిడ్డది. ఆ బిడ్డకు చెప్పల్ల గదా."

నేను ఇంకేదో అనేలోపే ఆమె దగ్గరికి వెళ్లాడు. "బేటీ, గల్తీ మేరీచ్ హై. కాంచ్ మై పోంఛా థా" అన్నాడు. తప్పు నాదేనమ్మా, అద్దం నేను తుడిచాను అని. తర్వాత జ్వరం సంగతీ, దుమ్ము సంగతీ నెమ్మదిగా చెప్పాడు. ఆమె హిందీ బాగానే అర్థం చేసుకునేది. పోస్టరు వైపు చూసింది. వెనక వరసలో తండ్రి వైపు చూసింది. బ్యాగులోంచి ఎర్ర పెన్ను తీసి, ఆ చుక్కను దాని చోట మళ్లీ పెట్టింది. పోస్టరు కింద పెద్దక్షరాలతో రాసిన ఏసీ వాక్యాన్ని ఒక గీతతో కొట్టేసింది. గీత తిన్నగా వచ్చింది.

జడ్జీలు రెండోసారి వచ్చారు. ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. సెలవు రోజుల్లో అద్దం తుడిచారని తనకు తెలియదనీ, తుడవని ఒక్కరోజు ఇదిగో ఈ చుక్క అనీ.

"పొద్దున ఈ చుక్క లేదు కదా?" అన్నాడు పెద్దాయన.

"లేదు. తీసేశాను."

"ఎవరు తీయమన్నారు?"

నేను నాలుగడుగుల దూరంలో ఉన్నాను. ఆమె నావైపు చూడను కూడా చూడలేదు.

"నేనే" అంది.

నేను నోరు విప్పలేదు. నా కాంట్రాక్టు కాగితం ఆ వారమే ప్రిన్సిపాల్ బల్ల మీద ఉందని తర్వాత సాకు చెప్పుకున్నాను. అప్పుడు ఆ సాకు కూడా తట్టలేదు. భయమేసింది, అంతే. పెద్దాయన కుదరని అంకెను తీసేయడం ఎంత తప్పో ఆమెకు రెండు నిమిషాలు మర్యాదగానే చెప్పి, పుస్తకంలో ఏదో రాసుకుని వెళ్లిపోయాడు. సీటు వంతెన నమూనా చేసిన సివిల్ కుర్రాడికి వచ్చింది. మంచి వంతెనే. తండ్రీకూతుళ్లు హాలు దాటి వెళ్తుంటే నేను బాత్రూంలోకి పోయి నిలబడ్డాను.

శనివారం పొద్దున ప్రిన్సిపాల్ గదికి వెళ్లి, చుక్క తీయించింది నేనేనని చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి, "ఈ మాట బుధవారం ఎందుకు చెప్పలేదు?" అన్నాడు. సీటు ఇచ్చేశాం కాబట్టి మార్చడం కుదరదన్నాడు. ఆ అమ్మాయి పని మళ్లీ చేసి సరైన రిపోర్టు ఇస్తానంటే తీసుకుంటామన్నాడు. నా కాంట్రాక్టు మాట ఎత్తలేదు, తర్వాత మామూలుగానే పొడిగించారు. అది నాకు ఇంకా సిగ్గనిపించింది.

అక్కడి నుంచి వర్క్‌షాపుకు వెళ్లాను. ఆ అమ్మాయి కుర్చీలో కూర్చుని ఉంది, చేతిలో సులేమానీ గ్లాసు. భాయ్ డబ్బా మీద. వాళ్లకు ప్రిన్సిపాల్‌తో అన్న మాటలు చెప్పాను. "మంచిది" అన్నాడు భాయ్. బల్ల వెనక అరలో మా పాత పోస్టరు చుట్టి పెట్టి ఉంది. దారంతో చీటీ కట్టేశాడు అప్పుడే. "నేనే" అని ఉంది.

"ఇది మీరు రాయాల్సింది కాదు భాయ్. నాది" అన్నాను.

ఆయన చెవిమీది పెన్సిలు తీసి, గుడ్డతో తుడిచి నా చేతికిచ్చాడు. "రాయండి మరి."

ఆయన మాట కింద నా పేరు రాశాను. అమ్మాయి చదవలేదు, తెలుగు కదా. ఏం రాశానో నేనే చెప్పాను. ఆమె టీ తాగడం ఆపి, "మా నాన్న అడిగాడు మిస్" అంది. "ఉప్పుగాలికీ దుమ్ముకీ అద్దం తుడవాలని మీ కాలేజీలో ఎవరికీ తెలియదా అని." ముగ్గురం నవ్వాం. నవ్వితే నాకు కళ్లనీళ్లొచ్చాయి.

ఆమె ఊరికి వెళ్లకుండా మూడు వారాలు ఆగి పని మళ్లీ చేసింది. ఈసారి పక్కపక్కనే రెండు పెట్టెలు. ఒకదాని అద్దం రోజూ తుడిచింది, రెండోదాన్ని వదిలేసింది. ఎంత దుమ్ముకు ఎంత నీరు తగ్గుతుందో తేల్చింది. ఏసీలకూ దానికీ ఏ సంబంధమూ లేదని కూడా తేల్చింది, నా ముఖం చూసి మొహమాటపడకుండా. దానికి బహుమతేమీ లేదు. ఇంటికి వెళ్లింది. ఖురియాత్‌లోనే నీళ్లు పరీక్షించే చోట చిన్న ఉద్యోగం దొరికింది. మిగిలిన చదువు కొన్నేళ్లు ఆలస్యంగా, ఉద్యోగం చేసుకుంటూ పూర్తి చేసిందని తర్వాత ఉత్తరం రాసింది. ఆ ఆలస్యం నా వల్ల అయింది. ఆమె ఎప్పుడూ ఆ మాట అనలేదు.

ఊరికి వెళ్లే ముందు రిపోర్టు పట్టుకుని భాయ్ దగ్గరికి వచ్చింది. చదివి చెప్పడానికి నన్ను రమ్మంది. ఆయన ఆమెను మళ్లీ కుర్చీలో కూర్చోబెట్టాడు. నేను నిలబడే చదివాను. ఆరేళ్లలో నన్ను ఆ కుర్చీలో కూర్చోమనలేదు, ఆయన చేసింది సబబే. పాత అంకెల గురించి రాసిన పేజీలో ఒక వాక్యం ఉంది. సెలవు రోజుల్లో అద్దాన్ని వర్క్‌షాపు టెక్నీషియన్ ఫలానావారు తుడిచారు, మూడో శుక్రవారం జ్వరం వల్ల తుడవలేదు అని. ఫలానా అన్న చోట ఆయన పేరు, ఇంటిపేరుతో సహా. ఆ కాలేజీలో అన్నేళ్లూ ఆయన చేతుల మీదుగా వెళ్లిన ఏ పోస్టరు మీదా, ఏ రిపోర్టులోనూ ఆయన పేరు లేదు.

"యాడుందమ్మా?" అన్నాడు.

చూపించాను. వేలు గుడ్డకు తుడుచుకుని ఆ అక్షరాల మీద పెట్టాడు. కాసేపు తీయలేదు. తర్వాత పేజీ తిప్పమన్నాడు. పాత గ్రాఫు వచ్చింది. పెదవులు కదుపుతూ ఎర్ర చుక్కలు ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. ఆరో చుక్క మిగతావాటికి దూరంగా, బాగా కిందికి ఉంది. దాని దగ్గర వేలు ఆపి, నావైపు తలెత్తి చూశాడు. పదిమందిలో తనవాణ్ని గుర్తుపట్టినట్టు ఆయన ముఖం వెలిగింది.

"ఇదో, ఇది నా జరమమ్మా" అన్నాడు.